మురియా కొండ మీది పరిజోతో

సెమరాంగ్ నగరంలో మా అమ్మాయి ఇంటి వంటగది కిటికీ పక్కన ఒక గిన్నె ఉండేది. అందులో చిన్న చిన్న పండ్ల గుత్తి ఒకటి. కొన్ని పండ్లు లేత గులాబి, కొన్ని ఎరుపు, పూర్తిగా పండినవి ముదురు ఊదా. బఠాణీ గింజ కన్నా పెద్దవి కావు. కొమ్మకు ముత్యాలు గుచ్చినట్లున్న ఆ గుత్తిని పొరుగింటి పెద్దావిడ తెచ్చి ఇచ్చారట. మూడు రోజులు గడిచినా అందులో ఒక్క పండు తగ్గలేదు. నాలుగో రోజు ఫజ్ర్ నమాజు తర్వాత మా అమ్మాయి నన్నడిగింది: "అమ్మీ, ఇవి తింటే తప్పా? తినకపోతే బిడ్డకేమైనా అవుతుందా?"

ఆ ప్రశ్న వెనుక ఉన్నదేమిటో నాకు తెలుసు. క్రితం ఏడాది అయిదో నెలలో ఆమెకు గర్భం నిలవలేదు. ఈసారి ఆరో నెల నడుస్తున్నది. రాత్రులు నిద్ర లేదు. కడుపులో కదలిక కాసేపు ఆగితే ముఖం పాలిపోతుంది. అల్లుడు అక్కడి నూలు మిల్లులో ఇంజనీరు. తెల్లవారితే వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. ఆమెకు తోడుగా ఉండడానికే కడప నుంచి నేను జావా ద్వీపానికి వెళ్లాను.

ఆ పండు పేరు పరిజోతో. గర్భవతి దాన్ని తింటే పుట్టే బిడ్డ అందంగా, సుగుణవంతంగా ఉంటుందని మధ్య జావాలో తరతరాల నమ్మకం. ఏడో నెలలో జరిపే 'మితోని' వేడుకలో ఈ పండ్లను 'రుజక్' అనే కారపు పండ్ల ముక్కల్లో కలిపి పెడతారు. మన దక్కన్ ముస్లిం కుటుంబాల 'సత్వాసా' వంటిదే ఆ వేడుక. ఆ రోజున సూరహ్ యూసుఫ్, సూరహ్ మర్యమ్ పారాయణం చేయడం కూడా అక్కడి ఆచారం. పొరుగింటి ఆవిడ ప్రేమతోనే తెచ్చారు. కాని ఆ ప్రేమ మా అమ్మాయి మనసులో మరో భయానికి తావిచ్చింది. తింటే ఒక విధమైన అపరాధ భావన, తినకపోతే మరో విధమైన దిగులు.

ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించినదాన్ని. మొక్కను చూడకుండా పండు గురించి మాట్లాడడం నాకు అలవాటు లేదు. "ముందు ఆ చెట్టును చూసి వస్తాను, తర్వాత చెబుతాను" అన్నాను. ఆ ఆదివారం పొరుగింటి ఆవిడను అమ్మాయికి తోడుంచి, అల్లుడితో కలిసి మురియా కొండకు బయలుదేరాను.

దారిలో దెమాక్, కుదుస్

సెమరాంగ్ నుంచి తూర్పుగా వెళ్లే రహదారిపై మొదట దెమాక్ వస్తుంది. జావాలో తొలి ముస్లిం రాజ్యానికి అది రాజధాని. అక్కడి పెద్ద మస్జిదుకు గుమ్మటం లేదు. మూడంతస్తుల వాలు కప్పు ఉంది. లోపలి నాలుగు ప్రధాన స్తంభాలలో ఒకదాన్ని చెక్క ముక్కలను కూర్చి కట్టారని, కట్టినవారు సునన్ కాలిజాగా అని అక్కడివారు చెబుతారు. పదిహేను, పదహారు శతాబ్దాలలో జావాలో ఇస్లాం సందేశాన్ని వ్యాపింపజేసిన తొమ్మిదిమందిని 'వలీ సోంగో' అంటారు. 'సునన్' అనేది వారి పేర్లకు ముందుండే గౌరవ పదం. కాలిజాగా వారిలో ఒకరు. మేము వెళుతున్న కొండ పేరుతోనే ప్రసిద్ధులైన సునన్ మురియా ఆయన కుమారులని సంప్రదాయం.

సెమరాంగ్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించాక కుదుస్ పట్టణం వచ్చింది. 'అల్ ఖుద్స్' అనే అరబీ పదం నుంచి వచ్చిన పేరు అది. అక్కడి పాత మస్జిదు ఎదుట ఎర్ర ఇటుకల మీనారు ఉంది. తెలియనివారు చూస్తే దాన్ని పాత హిందూ ఆలయ గోపురమే అనుకుంటారు. మస్జిదు శిలాఫలకంపై హిజ్రీ 956, అంటే క్రీ.శ. 1549 అని ఉంది. ఆ నిర్మాణంతో సునన్ కుదుస్ పేరు ముడిపడి ఉంది. చుట్టుపక్కల హిందువుల మనసు నొప్పించరాదని ఆయన ఆవును కోయవద్దని చెప్పారట. నేటికీ ఆ పట్టణంలో పేరుపొందిన 'సోతో' పులుసును ఆవు మాంసంతో కాక గేదె మాంసంతో గాని కోడి మాంసంతో గాని వండుతారు. అయిదు శతాబ్దాల నాటి ఒక మర్యాద ఇప్పటికీ వంట గిన్నెలో నిలిచి ఉండడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది.

కుదుస్ నుంచి ఉత్తరానికి రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. వరి పొలాలు వెనకబడి లవంగ చెట్లు, కాఫీ తోటలు కనిపిస్తాయి. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, సుమారు 700 మీటర్ల ఎత్తున కోలో గ్రామం. దాని వెనుక మురియా శిఖరం సుమారు 1,600 మీటర్లు లేచి ఉంటుంది. ఎన్నడో చల్లారిన అగ్నిపర్వతమది. సెమరాంగ్‌లో చెమటతో తడిసిన నా దుపట్టాను ఆ చల్లగాలికి భుజాల చుట్టూ కప్పుకోవలసి వచ్చింది.

మెట్ల దారిలో

సునన్ మురియా సమాధి, దాని పక్కన మస్జిదు కొండ మీద ఉన్నాయి. వందలాది మెట్లు. ఎక్కలేనివారిని 'ఓజెక్' అనే బాడుగ మోటారు సైకిళ్లు మలుపుల దారిలో పైకి చేరుస్తాయి. నా మోకాళ్ల సంగతి తెలిసిన అల్లుడు "అమ్మీజాన్, బండి ఎక్కుదాం" అన్నాడు. కాని ఆ మెట్లకు ఇరువైపులా ఉన్న దుకాణాలలోనే పరిజోతో దొరుకుతుందని విన్నాను. అందుకే ఆగి ఆగి నడిచే ఎక్కాను.

రాజసభలకు దూరంగా కొండవాలు రైతుల మధ్య, జాలరుల మధ్య, చిన్న వర్తకుల మధ్య జీవించి ధర్మం బోధించారని సునన్ మురియాకు పేరు. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తు చేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ తలంపుతోనే సలాం చెప్పి, మరణించినవారి మన్నింపు కోసం దుఆ చేశాను. నా బిడ్డ కోసం అడగవలసినదాన్ని మాత్రం మస్జిదులో రెండు రకాతులు చదివి, నన్నూ ఆ కొండనూ సృష్టించిన అల్లాహ్‌నే అడిగాను.

దిగే దారిలో ఒక దుకాణం ముందు పరిజోతో గుత్తులు పూలదండల్లా వేలాడుతున్నాయి. పక్కనే దాని షర్బతు సీసాలు, ఎండబెట్టిన పండ్ల పొట్లాలు. దుకాణం నడిపేది యాభై దాటిన స్త్రీ. "ఇబూ, ఈ మొక్కను చూపగలరా?" అని అల్లుడు అడిగితే, ఆమె దుకాణాన్ని పక్కవారికి అప్పగించి మమ్మల్ని వెనుకనున్న తోటకు తీసుకెళ్లింది.

నీడలో పెరిగే మొక్క

కాఫీ చెట్ల కింద, పెద్ద చెట్ల నీడలో నడుమెత్తు పొదలు. చూడగానే ఆకు నాకు పాత పరిచయంలా తోచింది. దళసరి, నిగనిగలాడే ఆకు. ఈనెలు మొదలు నుంచి కొన వరకు విల్లులా వంగి పక్కపక్కనే సాగుతాయి. మెలస్టోమేసీ కుటుంబానికి అది ముఖ్యమైన గుర్తు. శాస్త్రనామం మెడినిల్లా స్పెసియోసా. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో మరియానా ద్వీపాల గవర్నరుగా ఉన్న మెడినిల్లా అనే స్పానియా అధికారి పేరు ఈ ప్రజాతికి పెట్టారు. ఇందులో మూడువందలకు పైగా జాతులున్నాయి. పెద్ద గులాబి పత్రపుచ్ఛాలతో పూలదుకాణాలలో కనిపించే ఫిలిప్పీన్స్ మెడినిల్లా దీని దగ్గరి బంధువు. పరిజోతోకు అంత ఆర్భాటం లేదు. కణుపుల నుంచి కిందికి వేలాడే గులాబి కాడలు, చిన్న పూలు, తర్వాత ఈ పండ్లు. పేరు వింటే పారిజాతం గుర్తొస్తుంది గాని ఆ చెట్టుకూ దీనికీ బంధుత్వం లేదు.

మన నేల మీద దీనికి దూరపు చుట్టం ఉంది. రాయలసీమ కొండల్లో పెరిగే అల్లి చెట్టు ఈ కుటుంబానిదే. నీలి పూలు పూసి, నల్లని చిన్న పండ్లు కాస్తుంది. చిన్ననాడు కొండకు వెళ్లి ఆ పండ్లు తిని నాలుక నల్లబరచుకుని ఇంటికి వచ్చేవాళ్లం. వేల మైళ్ల దూరాన ఆ చుట్టరికం గుర్తుకు రావడంతో కొత్త చోటు అన్న బెరుకు పోయింది.

తోటలో ఇరవై ఏళ్ల యువకుడు కొమ్మలు కత్తిరిస్తున్నాడు. ఆమె అతని భుజం తట్టి మమ్మల్ని చూపింది. అతడు నవ్వి తల వంచాడు, మాట్లాడలేదు. "మా మూడోవాడు. పుట్టుకతోనే వినబడదు" అన్నది ఆమె. కాసేపాగి తానే చెప్పింది: "వాడు కడుపులో ఉన్నప్పుడు రోజూ ఈ పండ్లే తిన్నాను. చేతికందేంత దగ్గర కదా."

అల్లుడు ఆ మాటలను తెలుగులోకి మార్చి చెప్పడానికి కాస్త తటపటాయించాడు. నేను ఆమె ముఖంలోకి చూశాను. అక్కడ ఫిర్యాదు లేదు.

"అయితే ఈ పండు మీద నమ్మకం పోలేదా?" అని అడిగించాను.

"పండు పండే. పులుపు, వగరు. ఇచ్చేవాడు అల్లాహ్. వీణ్ణి ఇచ్చాడు. వీడు అందంగా లేడా?" అన్నది ఆమె, కొడుకు తల మీది ఆకు తీసి పారేస్తూ. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే అతడు అందగాడు.

చేతులు చెప్పిన పాఠం

ఆ తోటలో ఆ మొక్కల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు అతడేనని తల్లి అన్నది. తర్వాత ఒక గంటసేపు అతడు చేతులతో చూపాడు, తల్లి మాటల్లో చెప్పింది, అల్లుడు తెలుగు చేశాడు. నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను. నీడనిష్టపడే అలంకరణ మొక్కలు పెంచే పాఠకులకు ఉపయోగపడుతుందని ఇక్కడ ఇస్తున్నాను.

ముందుగా వెలుతురు. అడవిలో ఇది పెద్ద చెట్ల కింద పెరుగుతుంది. ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది, మరీ చీకటైతే పూత రాదు. ఆకుల సందుల్లోంచి చిలికినట్లు పడే వెలుతురు దీనికి చాలు.

తర్వాత మట్టి. బంకమట్టి పనికిరాదు. కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు, బాగా మాగిన ఆకు ఎరువు కలిపిన గుల్ల మిశ్రమం కావాలి. అతడు తొట్టిలో నీరు పోసి, అడుగు రంధ్రం నుంచి అది వెంటనే కారడం చూపాడు. వేళ్ల వద్ద నీరు నిలిస్తే మొక్క కుళ్లుతుంది. పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే మళ్లీ నీరు పోయాలి. వాన నీరు శ్రేష్ఠం; ఉప్పునీటికి ఆకు అంచులు గోధుమరంగుకు మారతాయి.

మూడోది గాలిలో తేమ. గాలి పొడిబారితే మొగ్గలు రాలిపోతాయి. తొట్టి కింద గులకరాళ్లు పరచిన పళ్లెంలో నీరుంచి, తొట్టి అడుగు ఆ నీటిని తాకకుండా పెడితే చుట్టూ తేమ ఉంటుంది. చల్లని రాత్రులంటే దీనికి ఇష్టం. చల్లని రోజుల్లో కొన్ని వారాలు నీరు తగ్గించి, మొగ్గ కనిపించాక మామూలుగా పోస్తే పూత బాగుంటుంది. మొగ్గ దశలో తొట్టిని అటూ ఇటూ తిప్పకూడదు. ఎరువు పెరిగే కాలంలో మాత్రమే, అదీ పలుచగా.

కొత్త మొక్కలకు రెండు మార్గాలు. సగం ముదిరిన కొమ్మను రెండు కణుపులుండేలా, కింది కణుపుకు దిగువగా కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తడి మిశ్రమంలో నాటి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో ఉంచాలి. వేళ్లు పట్టడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. విత్తనాలైతే బాగా నల్లబడిన పండ్లను నీటిలో పిసికి గుజ్జు కడిగివేయాలి. ఇసుక రేణువుల వంటి ఆ విత్తనాలను పైన చల్లాలే గాని మట్టి కప్పకూడదు. మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. విత్తనం నుంచి పండు దాకా ఏళ్ల ఓపిక అవసరం. పండ్లయిపోయాక పొడవైన కొమ్మలు కత్తిరించాలి. పిండినల్లి, పొలుసు పురుగు పడితే సబ్బు నీటి గుడ్డతో ఆకు అడుగు తుడవాలి.

ఒకప్పుడు ఈ పండ్లన్నీ అడవి నుంచే కోసి తెచ్చేవారట. యాత్రికులు పెరిగేకొద్దీ అడవి మీద భారం పెరిగింది. అందుకే తోటల్లో నాటుకోవడం మొదలుపెట్టామని ఆమె చెప్పింది. "నాటకుండా కోస్తూ పోతే మా మనవరాళ్లు ఏం అమ్ముతారు?" అన్నది. నాటిన చెట్టు నుంచి మనిషో పక్షో పశువో తిన్నది నాటినవారికి దానంగా నమోదవుతుందన్న ప్రవక్త (స) బోధనను అల్లుడు ఆమెకు గుర్తు చేశాడు. ఆమె ఆ హదీసును అప్పటికే ఎరుగుదును అన్నట్లు తలూపి, కొడుకు వైపు చూపింది.

ఇంటికి తెచ్చిన రెండు తొట్లు

వచ్చేటప్పుడు ఆ యువకుడు రెండు మొక్కలను తొట్లలో పెట్టి ఇచ్చాడు. ఒక గుత్తి పండ్లు కూడా కొన్నాను.

ఆ రాత్రి అమ్మాయికి అన్నీ చెప్పాను. వినబడని ఆ కుర్రవాడి సంగతి చెప్పాలా వద్దా అని దారి పొడవునా ఆలోచించాను. చివరికి చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "ఆ తల్లి బాధపడుతున్నదా అమ్మీ?" అని అడిగింది. "బాధపడి ఉంటుంది. ఇప్పుడు మాత్రం కొడుకును చూసుకుని మురిసిపోతున్నది" అన్నాను.

ఆమె రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: పండు అల్లాహ్ సృష్టి. తినదగినదైతే కృతజ్ఞతతో తినవచ్చు. బిడ్డ రూపం, ఆరోగ్యం, ఆయుష్షు ఆయన చేతిలో ఉన్నవి. పండు చేతిలో లేవు. తిననందుకు ఏమీ కాదు. ప్రసవవేదనలో ఉన్న మర్యమ్ (అ) కోసం ఖర్జూర చెట్టు నుంచి తాజా పండ్లు రాలిన ఉదంతం సూరహ్ మర్యమ్‌లో ఉంది. అక్కడ కూడా ఆ చెట్టు మొదలును ఊపమని ఆమెకు ఆజ్ఞ అయింది. మన వంతు ప్రయత్నం మనం చేయాలి, ఫలితం ఆయనకు వదలాలి. మన ప్రయత్నమంటే మందులు వేళకు వేసుకోవడం, పరీక్షలు మానకుండా చేయించుకోవడం, కంటినిండా నిద్రపోవడం.

మరుసటి వారం వైద్యురాలిని అడిగాం. కడిగిన పండ్లు నాలుగైదు తింటే భయం లేదని, మందులకు ఇవి బదులు కావని ఆమె స్పష్టంగా చెప్పారు. వగరు పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి ఐరన్ మాత్ర వేసుకునే వేళకు వీటిని దూరంగా ఉంచమన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మాయి బిస్మిల్లాహ్ అని రెండు పండ్లు నోట్లో వేసుకున్నది. ఆ పులుపుకు ఒక కన్ను మూసుకుపోయి, ముఖమంతా ముడుచుకుని, ఫక్కున నవ్వింది. నేను జావాకు వచ్చిన తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. మిగిలిన పండ్లను పొరుగింటి ఆవిడను పిలిచి ముగ్గురం కలిసి రుజక్ చేసుకు తిన్నాం.

మొక్కల సంగతి అంత సులువు కాలేదు. సెమరాంగ్ సముద్రతీర నగరం. రాత్రిళ్లు కూడా ఉక్కపోత. పడమటి వరండాలో పెట్టిన తొట్టి మూడు వారాల్లో ఆకులన్నీ రాల్చింది. తప్పు నాదే, మధ్యాహ్నపు ఎండ అక్కడిదాకా వస్తుందని గమనించలేదు. రెండోదాన్ని స్నానాల గది పక్కన, తూర్పు వెలుతురు మాత్రమే వచ్చే చోటికి మార్చాం. అది నిలబడింది. రోజూ ఉదయం దాని ఆకులు తుడవడం అమ్మాయి పని. చేతికి ఒక పని ఉండటంతో ఆమె భయం కాస్త తగ్గిందని నేను గమనించాను.

జూలై చివర అల్లాహ్ దయవల్ల క్షేమంగా ఆడపిల్ల పుట్టింది. అందగత్తెనా అని అడిగితే నానమ్మకైనా అమ్మమ్మకైనా జవాబు ఒకటే కదా!

తిరిగి వచ్చేటప్పుడు ఒక కొమ్మనైనా తెచ్చుకోవాలని మనసు లాగింది. కాని అనుమతి పత్రం, తెగుళ్లు లేవనే ధ్రువీకరణ లేకుండా విదేశీ మొక్కను మన దేశంలోకి తీసుకురాకూడదు. పైగా కడప వేసవిలో అది బతకదు. చల్లని కొండమొక్కను మన ముచ్చట కోసం మాడ్చడం న్యాయం కాదు. అందుకే ఊరికి వచ్చాక కొండకు వెళ్లి, అల్లి చెట్టు కింద రాలిన పండ్లు గుప్పెడు ఏరుకొచ్చి పెరటి నీడలో విత్తాను. సూరహ్ అన్ఆమ్‌లో చెట్టు ఫలించే వేళను, పండు పక్వమయ్యే తీరును పరిశీలించమన్న ఆదేశం ఉంది. ఆ పరిశీలనకు జావా దాకా పోనవసరం లేదని నాకు జావాలోనే తెలిసింది.

విత్తినవాటిలో ఇప్పటికి అయిదు మొలిచాయి. మొన్న అమ్మాయి ఫోనులో తన మొక్కను చూపింది. మూడు కొత్త ఆకులు వేసింది, మొగ్గ ఇంకా లేదు. "ఎప్పుడు కాస్తుంది అమ్మీ?" అని అడిగింది. "ఇన్షా అల్లాహ్, దాని వేళకు అది కాస్తుంది. నువ్వు నీరు మాత్రం ఎక్కువ పోయకు" అన్నాను.